బొబ్బిలి స్తంభం దగ్గర పది నిమిషాలు

నా పుట్టిల్లు బొబ్బిలి, అత్తవారిల్లు విజయనగరం. ఈ మాట చెప్పగానే మా వైపు వాళ్ళెవరైనా సరే ఒకసారి నా మొహంలోకి చూస్తారు. పెళ్ళి కుదిరిన రోజున మా తాతయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. చివరికి "ఎప్పటి మాటో కదా, పోనీండి" అన్నాడట. ఆయన ఎప్పటి మాట అన్నది 1757 జనవరి 24న ఈ రెండు ఊళ్ళ మధ్య జరిగిన బొబ్బిలి యుద్ధం గురించి.

నేను సోషల్ టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి ఆ తేదీ చెబుతూనే ఉన్నాను. మూడేళ్ళ కిందట తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సులో బొబ్బిలి యుద్ధ స్తంభం చూపించడానికి తీసుకెళ్ళాం. నలభై ఆరుగురు పిల్లలు, ముగ్గురు టీచర్లం. లెక్క తప్పకుండా అందర్నీ ఇంటికి చేర్చాలనే టెన్షన్ తప్ప నాకు వేరే ఆలోచన లేదు. పిల్లలు స్తంభం చుట్టూ ఒకసారి తిరిగారు, ఫొటోలు దిగారు, పది నిమిషాల్లో మళ్ళీ బస్సెక్కేశారు. ఒక పిల్ల మాత్రం ఎక్కకుండా నిలబడిపోయింది.

"టీచర్, యుద్ధం ఎక్కడ జరిగింది?"

"ఇక్కడేనమ్మా."

"ఇక్కడంటే ఎక్కడ టీచర్? కోట గోడ ఎక్కడుండేది? ఫ్రెంచి వాళ్ళు ఎటునుంచి వచ్చారు?"

చెయ్యి ఎత్తాను గానీ ఎటు చూపించాలో తెలియలేదు. నేను పుట్టి పెరిగిన ఊరు అది. ఆ స్తంభం పక్కనుంచి ఎన్నివందల సార్లు వెళ్ళుంటానో. బొబ్బిలి మహారాజు 1891లో దాన్ని నిలబెట్టించారని తెలుసు. అంతే తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యుద్ధం జరిగిన నేలని చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఎలా చూపించాలన్న ఆలోచన నాకు అక్కడే మొదలైంది.

అప్పట్నుంచి చదవడం మొదలుపెట్టాను. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఈ యుద్ధాన్ని చాలా వివరంగా రాశాడు. ఆయన కంపెనీ మనిషి, దగ్గరుండి చూసినవాడు కాదు. అయినా మా ఊరి గురించి అంత వివరంగా ఒక పరాయివాడు రాసిపెట్టినదాన్ని నేను నలభై దాటాక చదవడం నాకే బాధనిపించింది.

కథ స్థూలంగా అందరికీ తెలిసిందే. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచి వాళ్ళ చేతికొచ్చాయి, వాళ్ళ సేనాని బుస్సీ కప్పం వసూళ్ళకి వచ్చాడు. విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు ఆయన పక్షం. బొబ్బిలి వాళ్ళకీ విజయనగరం వాళ్ళకీ అప్పటికే పడదు. వాగుల నీళ్ళు మళ్ళించుకుంటున్నారన్న తగాదా కూడా అందులో ఉంది. మా పల్లెల్లో ఇప్పటికీ అన్నదమ్ములు విడిపోయేది నీళ్ళ దగ్గరే కాబట్టి ఆ ఒక్క మాటతో పిల్లలకి మొత్తం అర్థమైపోతుంది. బొబ్బిలి వదిలి వేరే చోటికి వెళ్ళిపొమ్మని బొబ్బిలి రాజు రంగారావుకి కబురు పంపారు. ఆయన వెళ్ళనన్నాడు. యుద్ధంలో కోట పడిపోయింది, రంగారావు పోయాడు. మూడో రాత్రికి విజయరామరాజు కూడా తన గుడారంలో హతమయ్యాడు.

ఆ కోట మనం సినిమాల్లో చూసే రాతికోట కాదు, మట్టికోట. ఆర్మ్ లెక్క ప్రకారం సుమారు రెండు వందల గజాల చదరం, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు, చుట్టూ దట్టమైన అడవి. రెండు వందల గజాలంటే ఎంతో పిల్లలకి చూపిద్దామని ఒక శనివారం మా బడి మైదానంలో తాడు పట్టుకుని కొలిచాం. మైదానం చాల్లేదు, పక్క పొలంలోకి వెళ్ళాల్సొచ్చింది. నాలుగు మూలలా నలుగురు పిల్లల్ని బురుజుల్లా నిలబెట్టాను. ఈ మూల పిల్లాడు అరిస్తే ఆ మూల పిల్లాడికి వినిపిస్తోంది. "ఇంతేనా టీచర్?" అన్నాడు ఒకడు. ఇంతే నాన్నా. ఇంత జాగాలోనే తెల్లవారుజాము నుంచి ఫిరంగులు పేలాయి, మధ్యాహ్నం దాటేదాకా గోడల మీద మనుషులు పోరాడుతూనే ఉన్నారు. ఇంత జాగాలోనే ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉన్నారు. మైదానంలో గోల ఆగిపోయింది. స్తంభం దగ్గర పది నిమిషాలు నిలబడలేని పిల్లలు ఆరోజు తాడు పట్టుకుని గంటన్నర నిలబడ్డారు.

పర్యాటకం గురించి నేను చెప్పాలనుకున్నది ఈ తాడు దగ్గరే మొదలవుతుంది. యుద్ధం జరిగిన నేలలో చూడ్డానికి ఏమీ ఉండదు. గుడికి శిల్పం ఉంటుంది, బీచికి సముద్రం ఉంటుంది. యుద్ధభూమిలో ఇళ్ళుంటాయి, చేలుంటాయి, గొర్రెలు మేస్తుంటాయి. చెప్పే మనిషి లేకపోతే అక్కడికి వచ్చినవాడు ఏమీ చూడకుండానే వెళ్ళిపోతాడు. ఎప్పుడు అభివృద్ధి మాట వచ్చినా ఇంకో విగ్రహం, లైట్లు, రెండు ఫౌంటెన్లు, ఇవే వినిపిస్తాయి. అంతకంటే ముందు ఒక మనిషి కావాలి, ఒక బోర్డు కావాలి, కోట గోడ ఎంతవరకు ఉండేదో నేల మీద ఒక గీత కావాలి.

గీత అనగానే నాకు నాగాలాండ్‌లోని కోహిమా గుర్తొస్తుంది. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నప్పుడు అటు పోస్టింగ్ పడితే ఒకసారి వెళ్ళాను. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా బ్రిటిష్ ఇండియా సైన్యానికి జపాన్ సేనతో అక్కడ భీకర యుద్ధం జరిగింది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి అటూ ఇటూ రెండు సైన్యాలూ కందకాలు తవ్వుకుని కొట్టుకున్నాయి. బంగళా లేదు, కోర్టూ లేదు. కానీ ఆ కోర్టు గీతలు మాత్రం శ్మశానవాటిక మధ్యలో అలాగే గుర్తుపెట్టి ఉంచారు. ఆ గీత ఇవతల నిలబడి అవతలి గీత చూశాను. ఇంత దగ్గర్నుంచా అనిపించి ఒళ్ళు జలదరించింది. 1,420 సమాధులు, ఒక్కో రాతి మీద తెలిసినంతవరకు ఒక్కో పేరు. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు విడిగా చెక్కారు. గడ్డి కత్తిరించి, రాళ్ళు తుడిచి ఉన్నాయి. మాకు చూపించిన నాగా కుర్రాడు తన తాతమ్మ ఆ రోజుల్లో ఊరు వదిలి అడవిలోకి పారిపోయిన సంగతి చెప్పాడు. మేం అక్కడే మూడు రోజులు ఉండిపోయాం. తిన్న తిండి, ఉన్న గది, తిరిగిన టాక్సీ, కొన్న శాలువా, మా డబ్బంతా అక్కడి మనుషుల చేతికే వెళ్ళింది.

అంత దూరం ఎందుకు, విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా. 1971 యుద్ధంలో పనిచేసిన నౌక. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దాని బలం ఆ ఇనుప శరీరంలో కంటే లోపల మనల్ని నడిపించే మనుషుల్లో ఉందని నేననుకుంటాను. నేవీలో చేసి రిటైరైనవాళ్ళు ఒక్కో గది దగ్గరా ఆగి, ఇక్కడ పడుకునేవాళ్ళం, ఇక్కడ వండుకునేవాళ్ళం అని చెబుతారు. మా బడి పిల్లలు అక్కడ కిక్కురుమనకుండా విన్నారు. విశాఖకి వచ్చినవాళ్ళు అరకు వెళ్తారు, సింహాచలం వెళ్తారు. విజయనగరం దాటి ఇటు బొబ్బిలికి వచ్చేవాళ్ళు ఎంతమంది? రైలుంది, రోడ్డుంది, పొద్దున్న బయల్దేరితే రాత్రికి తిరిగి వెళ్ళిపోవచ్చు.

నా పుట్టింటివాళ్ళకి కాస్త కష్టంగా అనిపించినా ఒక మాట చెప్పాలి.

మేం బొబ్బిలి వాళ్ళం ఈ యుద్ధాన్ని మా కథగానే పెంచుకున్నాం. బుర్రకథల్లో విన్నాం, నాటకాల్లో చూశాం. రంగారావు, ఆయన రాణి మల్లమ్మదేవి, రాజాం నుంచి పరుగున వచ్చిన తాండ్ర పాపారాయుడు, వీళ్ళు మావాళ్ళు. విజయరామరాజు దుర్మార్గుడు. పెళ్ళై విజయనగరం వచ్చాక మొదటి దసరాకి మా అత్తయ్య నన్ను పైడితల్లి గుడికి తీసుకెళ్ళింది. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. పొడుగాటి మాను చివర పూజారి కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు, లక్షల మంది జనం. ఆ జనంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని అత్తయ్య చెప్పింది. "అమ్మవారు ఎవరనుకున్నావు? మా రాజుగారి చెల్లెలు. యుద్ధానికి వెళ్ళొద్దన్నా అని బతిమాలింది. అన్న పోయాడని తెలిసి ప్రాణం వదిలేసింది. పెద్ద చెరువులో విగ్రహమై దొరికింది."

అప్పటిదాకా నాకు విజయరామరాజుకి ఒక చెల్లెలు ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. బొబ్బిలిలో స్తంభం ఉంది, విజయనగరంలో అమ్మవారు ఉంది. రెండూ ఒకే వారం రోజుల ఏడుపులోంచి పుట్టినవి. ఒక ఊరు చూసి వెళ్ళిపోయినవాడు సగం కథే విని వెళ్ళినట్టు. పైగా ఈరోజు బొబ్బిలి ఉన్నది విజయనగరం జిల్లాలోనే. 2022లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం కూడా ఇటే వచ్చింది. సిరిమాను చూడ్డానికి వచ్చిన లక్షల మందిలో పదోవంతు మందికైనా "ఈ అమ్మవారి అన్నగారు పోయిన చోటు ఇదిగో, ఇక్కడికి గంటన్నర దూరం" అని ఒక్క బోర్డు చెబితే చాలు, మర్నాడు బొబ్బిలిలో హోటళ్ళు ఖాళీ ఉండవు.

నా మనసులో ఉన్న దారి ఇది. మొదటి రోజు విజయనగరం కోట, పైడితల్లి గుడి, పెద్ద చెరువు చూసి సాయంత్రానికి పద్మనాభం చేరాలి. పద్మనాభం ఎందుకంటారా? 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఇంగ్లీషు వాళ్ళ చేతిలో అక్కడే చనిపోయాడు. ముప్పావుగంటలో ముగిసిపోయిన యుద్ధం. ఆయన సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. కొండ మీది అనంత పద్మనాభస్వామి కోసం మెట్లెక్కే భక్తుల్లో ఆ సమాధి దగ్గర ఆగేవాళ్ళు నాకు కనిపించలేదు. ఇక్కడే బొబ్బిలి కథకి ముడి పడుతుంది. 1757లో కోట తగలబడుతుంటే ఒక ముసలాయన ఒక చిన్నపిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టాడు. వీడు రంగారావు కొడుకు, నేను కాపాడాను అన్నాడు. ఆ పిల్లవాడే చిన రంగారావు. పద్మనాభంలో విజయనగరం ఓడిపోయాకే ఆయనకి బొబ్బిలి తిరిగి దక్కింది. ముప్పై ఏడేళ్ళు పట్టింది. రెండో రోజు పొద్దున్నే రాజాం చూసుకుని బొబ్బిలి వస్తే ఆ పిల్లవాడి కథ స్తంభం దగ్గర పూర్తవుతుంది.

బొబ్బిలిలో కథ విన్నవాళ్ళని గొల్లపల్లి తీసుకెళ్ళాలి. ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే ఊరు. కిందటి సంక్రాంతికి ఒక వీణ పనివాళ్ళ ఇంట్లో కూర్చున్నాను. పెద్దాయన కుండలోపల చెక్కని ఉలితో తీస్తూ మధ్యమధ్యలో వేలి కణుపుతో బయటినుంచి కొట్టి వింటున్నాడు. మందం సరిపోయిందో లేదో ఆయనకి కొలబద్ద చెప్పదు, శబ్దం చెబుతుంది. కాళ్ళ చుట్టూ పసుపుపచ్చ పొట్టు, ఇల్లంతా పనస వాసన. పెద్ద వీణలు కొనేవాళ్ళు తక్కువ, బహుమతులకిచ్చే చిన్న వీణల మీదే ఇల్లు గడుస్తోంది అన్నాడు. ఆ చిన్న వీణలు ఎక్కడో విశాఖలో, హైదరాబాద్‌లో షోరూముల్లో అమ్ముడవుతాయి. యుద్ధం కథ విని బయటికొచ్చిన మనిషి ఆయన గుమ్మంలోనే, ఆయన చేతిమీదుగానే ఒకటి కొనుక్కుంటే ఎంత తేడా!

చందుర్తి గురించి చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. కాకినాడ జిల్లా గొల్లప్రోలు దగ్గర చిన్న ఊరు. విజయరామరాజు పోయాక గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచి వాళ్ళతో చెడి ఇంగ్లీషు వాళ్ళని పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనని ఓడించాడు. ఎలాగో తెలుసా? ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకున్నారు. దూరం నుంచి ఫ్రెంచి వాళ్ళు వాళ్ళనే తెల్ల సైనికులనుకుని అటు విరుచుకుపడ్డారు. అసలు తెల్ల పటాలం మనిషెత్తు పెరిగిన చేను చాటున ఉంది. అది పక్కనుంచి బయటికొచ్చేసరికి లెక్క తారుమారైంది. నాలుగు నెలల్లో బందరు కోట కూడా పడిపోయింది, ఫ్రెంచి వాళ్ళ పని ఈ తీరంలో అయిపోయింది. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు మనల్ని ఎవరు ఏలాలో ఒక చేను చాటున తేలిపోయింది. అక్కడికి దగ్గర్లోనే పిఠాపురం, అక్కడి పాదగయ క్షేత్రానికి రోజూ బస్సుల్లో జనం వస్తూనే ఉంటారు. వాళ్ళకి చందుర్తి పేరు చెప్పేవాళ్ళు లేరు. నేను వెళ్ళినప్పుడు పొలంలో ఉన్న రైతు నా మాటలు విని "మా చేలోనా అమ్మా?" అని నేలవైపు చూసుకున్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

ఇక చెప్పేటప్పుడు ఏం చెప్పాలి అన్నది. ఇందులో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

విజయరామరాజుని చంపింది పాపారాయుడని మనం పాడుకుంటాం. ఆర్మ్ రాసింది వేరు. రంగారావు పడిపోవడం చూసిన నలుగురు బొబ్బిలి సిపాయిలు కోటలోనే దాక్కుని, చీకట్లో గోడ దిగి, పొదల్లో పగలంతా గడిపి, మూడో రాత్రి విజయరామరాజు గుడారం దగ్గరికి వెళ్ళారు. ఇద్దరు లోపలికి దూరారు. రాజు ఒంటిమీద ముప్పై రెండు గాయాలు. ఆ నలుగురి పేర్లు రాయలేదు. గైడ్ రెండూ చెప్పాలి. పాట ఎలా పాడుకుంటామో చెప్పాలి, కాగితంలో ఏముందో చెప్పాలి. వినేవాళ్ళు చిన్నపిల్లలు కాదు, రెండూ మోయగలరు. నిజానికి చిన్నపిల్లలు కూడా మోయగలరు, నా క్లాసులో చూశాను.

ఆడవాళ్ళ సంగతి అంతకంటే జాగ్రత్తగా చెప్పాలి. కోట నిలవదని తెలిశాక ఇళ్ళకి నిప్పు పెట్టారు, ఆడవాళ్ళనీ పిల్లలనీ తమవాళ్ళే చంపేశారు. మనం దాన్ని త్యాగం అనే ఒక్క మాటతో చుట్టేస్తాం. ఒక ఆడపిల్ల నన్ను "వాళ్ళని అడిగారా టీచర్?" అంది. నా దగ్గర జవాబు లేదు. లైట్లూ సంగీతం పెట్టి ఆ ఘట్టాన్ని షో చేస్తే నేను మాత్రం వెళ్ళి చూడలేను. అక్కడ ఒక చెట్టు కింద నాలుగు బల్లలు వేసి, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాల్లో రాసి, మనిషిని కాసేపు ఒంటరిగా కూర్చోనిస్తే చాలు.

గైడ్లు ఎక్కడినుంచి వస్తారంటే, ఊళ్ళోంచే. చదవడం మొదలుపెట్టాక మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను స్టేషన్ నుంచి తీసుకెళ్ళిన ఆటో అబ్బాయి "ఏటమ్మా, స్తంభానికేనా? పది నిమిషాల్లో అయిపోద్ది, నేనిక్కడే ఉంటాను" అన్నాడు. తర్వాత చాలాసార్లు అతని ఆటోలోనే తిరిగాను. నేను పిల్లలకి చెబుతుంటే దూరంగా బీడీ కాలుస్తూ వినేవాడు. కిందటి నెల వెళ్ళేసరికి రాయగడ నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని స్తంభం దగ్గర నిలబెట్టి, సగం తెలుగులో సగం ఒడియాలో నలుగురు సిపాయిల కథ చెబుతున్నాడు. ఒక్క ముక్క తప్పు లేదు. వాళ్ళు ముప్పావుగంట ఉన్నారు. ఆ తర్వాత గొల్లపల్లి కూడా తీసుకెళ్ళాడట. ఇలాంటి కుర్రాళ్ళు పదిమందిని ఎంచి నెల రోజులు శిక్షణ ఇచ్చి, ఒక గుర్తింపు కార్డు, రోజుకింత అని గౌరవంగా ఇస్తే కోట్ల రూపాయల పని జరుగుతుంది. పర్యాటక శాఖ వాళ్ళు ఇది చదివితే దయచేసి ఈ ఒక్క పేరా అయినా చదవండి.

అత్తయ్యకి ఇప్పుడు డెబ్బై నాలుగు. ముప్పై ఏళ్ళలో మా పుట్టింటికి ఎన్నోసార్లు వచ్చింది, స్తంభం దగ్గరికి మాత్రం ఎప్పుడూ రాలేదు. నేను పిలవలేదు, ఆవిడ అడగలేదు. ఈ వేసవిలో తనే అంది, "ఆ రాయేదో నాకూ చూపించు" అని. పొద్దున్న ఎండ ముదరకముందే వెళ్ళాం. చెప్పులు దూరంగా విడిచింది. స్తంభం చుట్టూ మెల్లగా నడిచి, పైకి చూసి, నా వైపు తిరిగింది.

"మా రాజుగారి గుడారం ఎటువైపు ఉండేది?"

మూడేళ్ళ కిందట ఆ పిల్ల అడిగినప్పటిలాగే నా చెయ్యి లేచి ఆగిపోయింది. "తెలీదత్తయ్యా" అన్నాను. ఆవిడ ఇళ్ళవైపూ చెట్లవైపూ కాసేపు చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి, అందులోంచి పైడితల్లి కుంకుమ పొట్లం తీసి, స్తంభం గద్దె మీద కొంచెం పెట్టి, మిగిలింది అరచేతిలో ఉంచుకుని నాలుగు దిక్కులా చల్లింది.